‘అవును’ కొట్టే ఉద్యోగం

ప్రజారోగ్య రికార్డుల కార్యాలయంలో ‘అవును’ అనడానికి ప్రత్యేకంగా ఒక పోస్టు మంజూరైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇంతకాలం ఆ కార్యాలయంలో పైనుంచి కింది దాకా అందరూ ‘అవును’ అంటూనే ఉన్నారు గానీ, అది ఫలానావారి బాధ్యత అని లేక, ఎవరికి తోచినప్పుడు వాళ్లు అనేస్తూ వచ్చారు. అంత ముఖ్యమైన పనిని అలా గాలికి వదిలెయ్యడం పరిపాలనకు క్షేమం కాదని పెద్దలు ఆలస్యంగానైనా గ్రహించారు.

పోస్టు పుట్టడానికి కారణం ఒక యంత్రం. ఊళ్లో ఎవరికి ఏ జబ్బు చేసిందీ, ఏ డాక్టరు ఏ మందు రాసిందీ ఆ కార్యాలయంలో నమోదవుతుంది. ఆ ఫైళ్లు రోజూ ప్రధాన కార్యాలయానికి చేరాలి. పూర్వం వాటిని గోనెసంచుల్లో కుక్కి వ్యానులో పంపేవారు. వ్యాను డ్రైవరు చదువుకున్నవాడు కావడంతో దారిలో ఆగిన ప్రతి టీకొట్టు దగ్గరా ఎవరెవరికి మొలలున్నాయో పేరుపేరునా చెప్పేవాడు. ఇది బాగాలేదని, సెక్యూర్ షెల్ అనే కొత్త ఏర్పాటు తెచ్చారు. ఇక్కడి కుర్చీలోంచి లేవకుండానే వంద మైళ్ల అవతలి యంత్రంలోకి లాగిన్ అయి, ఫైళ్లు అందులో పెట్టేసి రావచ్చు. దారిలో ఎవడు తొంగిచూసినా గజిబిజి అక్షరాలు తప్ప ముక్క అర్థం కాదు.

అయితే లోపలికి పోనిచ్చే ముందు కంప్యూటరు ఒక ప్రశ్న వేస్తుంది. అవతల ఉన్నది మీరనుకుంటున్న యంత్రమేనని నేను రూఢి చేసుకోలేకపోతున్నాను, దాని వేలిముద్ర ఇదీ, ముందుకు పొమ్మంటారా, అవునా, కాదా అంటుంది. వేలిముద్ర అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన నలభై మూడింటి వరస. ఏ రెండు యంత్రాలకూ ఒకటే ఉండదు. ఒక్కసారి అవునంటే కంప్యూటరు ఆ ముద్రను గుర్తుపెట్టుకుని మళ్లీ మన జోలికి రాదు. ఎప్పుడైనా ముద్ర మారితే మాత్రం పెద్దపెద్ద అక్షరాలతో గగ్గోలు పెడుతుంది. కానీ యంత్రాలు ఇన్నేసి సంగతులు గుర్తుపెట్టుకోవడం ప్రమాదకరమని భద్రతా కమిటీ భావించింది. ప్రతి సాయంత్రం దాని జ్ఞాపకాన్ని శుభ్రంగా తుడిచెయ్యాలని ఉత్తర్వు వేసింది. దాంతో ఆ కంప్యూటరు పొద్దున్నే అప్పుడే భూమ్మీద పడ్డట్టు కళ్లు తెరిచి, మళ్లీ అదే ప్రశ్న అడిగేది. రోజూ ఎవరో ఒకరు అవుననక తప్పేది కాదు.

ఆ ఉద్యోగానికి ఎంపికైన పెద్దమనిషి ఇంటర్వ్యూలో పది ప్రశ్నలకూ ఒకే జవాబు చెప్పాడు. కంప్యూటరు తెలుసా అంటే అవునండి అన్నాడు. ఈ పోస్టుకు మీరు పనికిరారని మాకనిపిస్తోంది, నిజమేనా అంటే దానికీ అవునండి అన్నాడు. బోర్డు సభ్యులు ముఖముఖాలు చూసుకుని, ఇంతటి అర్హత ఇంతకుముందు చూడలేదని రాసుకుని, అక్కడికక్కడే ఆర్డరు చేతికిచ్చారు. ఆ రోజు నుంచి ఆయన్ని అందరూ అవునుగారు అనే పిలిచారు. సొంత పేరు జీతాల పట్టీలో మాత్రం మిగిలింది.

ఆయనకొక గది, ఒక ఫ్యాను, ఒక రిజిస్టరు ఇచ్చారు. రిజిస్టరులో గళ్లు ఇలా ఉండేవి: వరుస సంఖ్య, తేదీ, ప్రశ్న వచ్చిన సమయం, అవునన్న సమయం, సంతకం. ప్రశ్నకూ జవాబుకూ మధ్య మూడు సెకన్లకు మించితే సంజాయిషీ రాయాలి.

ఆయన చేరిన రోజున, తీగలూ పెట్టెలూ చూసుకునే వైర్ల ఇంజనీరు రెండు కాగితాలు తెచ్చాడు. ఒకదానిమీద అవతలి యంత్రం వేలిముద్ర, రెండోదానిమీద మన కార్యాలయం లాగిన్ కావడానికి వాడే రహస్య తాళంచెవి, అంటే ఇంకో పొడుగాటి అక్షరాల వరస. మొదటిది గోడకు అంటించి రోజూ పోల్చి చూసుకోమని, రెండోది ఎవరి కంటా పడనివ్వద్దని చెప్పాడు. అధికారులు ఆయన మాట శ్రద్ధగా విన్నారు. వేలిముద్ర అంటే ఒకరి వ్యక్తిగత విషయం గనక దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి సీలు వేశారు. తాళంచెవి ప్రభుత్వ ఆస్తి గనక మూడు ప్రతులు తీయించి, ధ్రువీకరించి, ఒకటి వరండాలో నోటీసు బోర్డుకు అంటించారు. ఇంజనీరు నోరు తెరవబోయాడు. తీగల సంగతి చూసుకోమన్నారు.

ఇనప్పెట్టె మూతపడేలోపు ఆ కాగితం ఒక పూట అవునుగారి బల్లమీదుంది. మూడు సెకన్ల పని పోగా రోజులో మిగిలిన సమయమంతా ఖాళీయే కాబట్టి, ఆయన ఆ నలభై మూడూ కంఠతా పట్టేశాడు. అప్పటినుంచి రోజూ తెరమీద ముద్రను చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు లోలోపల చదువుకుని, సరిపోయాకే అవును కొట్టేవాడు. ఇందువల్ల మూడు సెకన్ల పని పదకొండు సెకన్లు పట్టేది. ఎనిమిది సెకన్లకు రోజూ సంజాయిషీ రాసేవాడు. చదువుతున్నాను అని ఒకే మాట రాసేవాడు. దాన్ని ఎవరూ చదవలేదు.

ఎందుకంత చాదస్తమంటే, దానికి కారణం ఆ ఫైళ్లలోనే ఉంది. ఆయన భార్య చిన్నపిల్లల బడిలో టీచరు. రెండేళ్ల కిందట ఆవిడ చెల్లెలు పోయింది. ఆ తరవాత ఆవిడ నవ్వడం మానేసింది, కొన్నాళ్లకు నిద్ర మానేసింది, ఒకరోజు బీరువా తలుపు పట్టుకుని నిలబడి అక్కణ్నుంచి కదలలేకపోయింది. డాక్టరు మాత్రలు రాశాడు. చుట్టాలకు అవి రక్తపోటు మాత్రలని చెప్పారు. అవి నిజానికి ఏం మాత్రలో భార్యాభర్తలకూ డాక్టరుకూ ఆ ఫైలుకూ తప్ప ఎవరికీ తెలియదు. మాత్రలు పనిచేశాయి. ఆవిడ మళ్లీ బడికెళ్లి, పిల్లల చెప్పులు ఎడమా కుడీ సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతూ ఆయన్ని పాఠం అప్పజెప్పమనేది. ఆయన నలభై మూడూ చెప్పేవాడు. ఎక్కడో ఒకచోట తప్పు చెప్పారంటూ ఆవిడ ఆటపట్టించేది. ఆయనకు ఆవిడంటే ప్రాణం. ఈ సంగతి తెలిస్తే తల్లిదండ్రులు పిల్లల్ని ఆ తరగతిలో ఉంచరని, బడి పోతే ఆవిడ మళ్లీ ఆ బీరువా దగ్గర ఆగిపోతుందని ఆయన భయం.

ఇలా ఉండగా ఒక మంగళవారం, కంప్యూటరు ఎప్పటిలా ప్రశ్న వేసింది. అవునుగారు ఎప్పటిలా చదువుకున్నాడు. మొదటి అక్షరం దగ్గరే తేడా వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. నలభై మూడింటిలో ఒక్కటీ కుదరలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ‘కాదు’ కొట్టాడు.

కంప్యూటరు మారుమాట లేకుండా తలుపు మూసేసింది. ఫైళ్లు ఇక్కడే ఆగిపోయాయి. పావుగంటలో వార్త కార్యాలయమంతా పాకింది.

సూపరింటెండెంటు స్వయంగా గదికి వచ్చాడు. “ఏమండీ అవునుగారూ, చెయ్యి జారిందా?”

“లేదండి. వేలిముద్ర మారింది. అవతల ఉన్నది మన యంత్రం కాదేమోనండి.”

“మీకెలా తెలుసు?”

“నాకు పాతది నోటికొచ్చండి.”

“నోటికి రావడానికి మీకు అనుమతి ఉందా?”

అనుమతి లేదు. ఆ మాట రికార్డు చేసుకుని, ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. సంఘం రెండు రోజులు కూర్చుని కొన్ని విషయాలు తేల్చింది. ఉద్యోగి జ్ఞాపకశక్తి ప్రభుత్వ రికార్డు కాదు. రిజిస్టరులో ‘కాదు’ అన్న సమయానికి గడి లేదు గనక, నిబంధనల ప్రకారం ఆ రోజు ఏమీ జరగలేదు. పైగా కంప్యూటరుకు జవాబు ఇంగ్లిషులో కొట్టాలి గనక, అవునుకు మూడక్షరాలు, కాదుకు రెండు. అంటే ఉద్యోగి తన పనిలో మూడో వంతు ఎగ్గొట్టాడు.

పాత ముద్రతో పోల్చి చూస్తే సరిపోతుంది కదా అని అవునుగారు మనవి చేసుకున్నాడు. మంచి ఆలోచనే అన్నారు. ఇనప్పెట్టె సీలు తీయాలంటే ప్రధాన కార్యాలయం అనుమతి కావాలి. అనుమతి కోసం దరఖాస్తు సురక్షిత మార్గంలోనే పంపాలి. సురక్షిత మార్గం తెరుచుకోవాలంటే అవునుగారు అవుననాలి.

ఆయన బతిమాలగా ఫోను చెయ్యనిచ్చారు. ప్రధాన కార్యాలయంలో యంత్రాలు చూసే అధికారి నాలుగోసారికి దొరికాడు.

“మీ యంత్రం వేలిముద్ర ఒక్కసారి చదివి చెప్తారా సార్? సరిచూసుకుందామని.”

“అలాంటివి ఫోనులో చెప్పకూడదండీ. అదంతా యంత్రంలోనే రాసి పెట్టాం. లాగిన్ అయి చూసుకోండి.”

“లాగిన్ అవ్వాలంటే ముందు అది తెలియాలి కదండీ.”

“అవును మరి,” అన్నాడా అధికారి, పాపం మంచివాడే. “అందుకే లాగిన్ అవ్వమంటున్నాను.”

పోనీ ఈమధ్య యంత్రమేమైనా మార్చారా అంటే, మార్చినవాడెవడో వాడు సెలవులో ఉన్నాడని, మార్చకపోతే సెలవెందుకు పెడతాడని చెప్పి ఫోను పెట్టేశాడు.

పదకొండు రోజులు అవునుగారు కాదు కొడుతూనే ఉన్నాడు. పదకొండు రోజులూ రోజుకొక మెమో అందుకున్నాడు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే పక్కన కూర్చునేవాళ్లు లేచిపోయేవారు. నిన్నటిదాకా అన్నా అని పిలిచిన గుమస్తా ఎదురొస్తే గోడ చూసుకుంటూ పోయేవాడు. ఒక్క వైర్ల ఇంజనీరు మాత్రం మెట్లకింద పట్టుకుని, “మీరు చేసింది కరెక్టండీ. ఎవడో మధ్యలో కూర్చుని ప్రధాన కార్యాలయం తనే అన్నట్టు నటిస్తున్నాడనిపిస్తోంది,” అని గుసగుసగా చెప్పి, ఈ మాట తను అన్నట్టు ఎక్కడా అనొద్దని ఒట్టేయించుకున్నాడు.

ఆ మాట ఎవరు అన్నారో చెప్పకుండా అవునుగారు సంఘం ముందు పెట్టాడు. సూపరింటెండెంటు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“మధ్యలో ఎవరో కూర్చున్నారంటారు. సరే. ఎవరి అనుమతితో కూర్చున్నారు? హోదా ఏమిటి? ఈ కార్యాలయం ముప్ఫై ఏళ్లుగా ఎవర్నీ అనుమతి లేకుండా కూర్చోనివ్వలేదు. అలాంటి వ్యక్తి ఉన్నట్టయితే, వారం రోజుల్లో ఖాళీ చెయ్యాల్సిందిగా నోటీసు ఇద్దాం. చట్టం తన పని తాను చేసుకుపోతుంది.”

నోటీసు తయారైంది. ‘మధ్యలో కూర్చున్నవారికి’ అని సంబోధించారు. దాన్ని ఎక్కడికి పంపాలన్న ప్రశ్న వచ్చింది. ఆ వ్యక్తి ఆ దారిలోనే ఉన్నాడు గనక, ఆ దారినే పంపడం సబబని తీర్మానించారు. అందుకు లాగిన్ అవ్వాలి. అవునుగారు చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. సూపరింటెండెంటు ఆయన్ని లేవమని, తానే కూర్చుని, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ అవును కొట్టాడు. గదిలో చప్పట్లు మోగాయి.

“నోటీసు ఒక్కటే పంపండి సార్. ఫైళ్లు వద్దు. దణ్నం పెడతాను,” అన్నాడు అవునుగారు.

“తలుపు తెరిచాక బకాయి పని పెండింగు పెట్టుకుంటామా?” అన్నాడు సూపరింటెండెంటు. నోటీసు వెనకాలే పదకొండు రోజుల ఫైళ్లూ, ఎందుకైనా మంచిదని గత ఐదేళ్ల ఫైళ్లూ వెళ్లిపోయాయి.

పోనీ తన భార్య ఫైలు ఒక్కటైనా వెనక్కి తీయించుకుందామని ఆయన గుమస్తా దగ్గరికి పరిగెత్తాడు. దానికొక పద్ధతి ఉంది. రోగి పేరు, జబ్బు పూర్తి వివరం, దాన్ని ఎందుకు దాచాలనుకుంటున్నారో కారణం ఒక ఫారంలో రాసి, అభ్యంతరాల కోసం ఏడు రోజులు నోటీసు బోర్డుమీద పెట్టాలి. ఆయన ఆ ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

నోటీసుకు జవాబు ఇరవై నిమిషాల్లో వచ్చింది. ‘గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి, తమ నోటీసు అందింది. నేను మధ్యలో లేను. ప్రధాన కార్యాలయాన్నే. ఫైళ్లు చక్కగా చేరాయి. తమ శ్రమకు ధన్యవాదాలు. రేపు కూడా పంపవలసిందిగా కోరుతాను’ అని ఉంది. కార్యాలయం ఆనందానికి హద్దుల్లేవు. ప్రధాన కార్యాలయం ఒక ఉత్తరానికి అదే రోజు జవాబివ్వడం, అందులో ధన్యవాదాలు చెప్పడం, చరిత్రలో ఎన్నడూ లేదు. జవాబు ప్రతిని చట్రం కట్టించి హాల్లో పెట్టారు. దాన్ని చూసి బెంగపడ్డది అవునుగారొక్కడే. అంత మర్యాదగా రాసేవాళ్లు ప్రధాన కార్యాలయంలో ఉండరని ప్రభుత్వ కార్యాలయాలతో పనిపడ్డ ఎవరికైనా తెలుసు.

మూడు వారాలకు అసలు ప్రధాన కార్యాలయం నుంచి వ్యానులో మెమో వచ్చింది. నెల రోజులుగా ఒక్క ఫైలూ అందలేదు, కారణం తెలపండి అని కసురుతూ రాశారు. దీన్ని చర్చించడానికి అత్యవసర సమావేశం జరిగింది. ఒకపక్క నెలకోసారి వ్యానులో వచ్చి కసిరే కార్యాలయం, ఇంకోపక్క అడిగిన ఇరవై నిమిషాల్లో నమస్కారంతో జవాబిచ్చే కార్యాలయం. రెంటిలో ఏది అసలైనదో నిర్ణయించడం కష్టం కాలేదు. ఇకమీదట వ్యానులో వచ్చే ఉత్తరాలు నకిలీవిగా పరిగణించాలని తీర్మానం చేసి, ఆ తీర్మానాన్ని ఆమోదం కోసం మర్యాదస్తుడికి పంపారు. పావుగంటలో ఆమోదం వచ్చింది.

అవునుగారిని పని నుంచి తప్పించారు. సన్మానం చేసే తప్పించారు. వీడ్కోలు సభలో సూపరింటెండెంటు గద్గదస్వరంతో మాట్లాడాడు. “వీరి స్థానాన్ని మనిషెవరూ భర్తీ చెయ్యలేరు. అందుచేత మనిషిని పెట్టడం లేదు,” అన్నాడు. కంప్యూటరు అడిగిన ప్రశ్నకు కంప్యూటరే అవునని చెప్పుకునేలా రెండు వరుసల ప్రోగ్రాము రాయించారు. ఇప్పుడు మూడు సెకన్లు కూడా పట్టడం లేదు. రాసిపెట్టింది వైర్ల ఇంజనీరే. రాస్తున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు.

ఆ తరవాత ఊళ్లో ఫోన్లు మోగడం మొదలైంది. పొద్దున్నే ఒక తియ్యని గొంతు పేరు పెట్టి పలకరించి, మీ మోకాలెలా ఉంది, మీ మొలలు తగ్గాయా, మీరు ఇంట్లో చెప్పకుండా వేయించుకున్న సూది ఫలించిందా అని అడిగి, తక్కువ ధరకు మందు పంపిస్తామనేది. ఫోను ఎత్తింది రోగే కానక్కర్లేదు, చుట్టమైనా పక్కింటివాడైనా అలాగే అడిగేది. ఊరు మొదట నోరు వెళ్లబెట్టింది. తరవాత మురిసిపోయింది. కన్నకొడుకు ఏనాడూ నా మోకాలి సంగతి అడగలేదు, ఆ అమ్మాయెవరో రోజూ అడుగుతోందని ఒక పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరి జబ్బు ఎవరికి తెలిసినా తెలుసుకున్నవాడి జబ్బూ అవతలివాడికి తెలుసు గనక, ఊళ్లో ఒక విధమైన సమానత్వం ఏర్పడింది.

ఆ సమానత్వం బడిదాకా వెళ్లలేదు. అవునుగారి ఇంటికి ఫోను వచ్చిన వారానికే ఆయన భార్య తరగతిలో ముప్ఫై మంది పిల్లలు తొమ్మిదయ్యారు. యాజమాన్యం ఆవిడ సేవల్ని వేనోళ్ల కొనియాడి, పిల్లల మీద ప్రేమతోనూ ఆవిడ ఆరోగ్యం మీద శ్రద్ధతోనూ, పిలిచేదాకా రావద్దని ఉత్తరం ఇచ్చింది. ఆవిడ ఆ ఉత్తరం చదివి, మడతపెట్టి, బీరువాలో పెట్టి, బీరువా తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆయన పక్కనే నిలబడ్డాడు. అన్నం ఉడికి, మాడి, గిన్నె నల్లబడేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

“మనం ఏదైనా చెయ్యాలండీ,” అంది ఆవిడ చివరికి. అంతమాట ఆవిడ అన్నందుకే ఆయన కళ్లు చెమర్చాయి.

రహస్యాలు బయటపడినవారి సౌకర్యార్థం ప్రభుత్వం ఒక కౌంటరు తెరిచింది. నడవంతా నిండి వీధిలోకి వచ్చిన వరుసలో ఇద్దరూ రెండు గంటలు నిలబడ్డారు. వంతు రాగానే కౌంటరులో అమ్మాయి నాలుగు పేజీల ఫారం ముందుకు తోసి, చివర ఒక గడి చూపించింది. పై షరతులన్నీ చదివి, అర్థం చేసుకుని, అంగీకరిస్తున్నాను అని దానిపక్కన అచ్చయి ఉంది.

“ఇక్కడ టిక్కు పెట్టండి అంకుల్. అంతే.”

అవునుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మొదటి పేజీ మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాడు.

“అది ఎవరూ చదవరు అంకుల్. అందరూ పెట్టేస్తారు.”

ఆయన రెండో పేజీ తిప్పాడు. వెనకనుంచి గొంతులు లేచాయి. ఏంటండీ ఆలస్యం అన్నారొకరు. పెట్టేసి పోవయ్యా, అవతల మాకు పన్లున్నాయి అన్నారింకొకరు. ఈయన ఒక్కడే చదువుకున్నాడు కాబోలు అని ఎవరో అంటే నలుగురు నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను గడి దగ్గరికి వెళ్లింది.

“చదవనివ్వండి,” అంది ఆయన భార్య. ఆవిడ నలుగురిలో గొంతు విప్పి చాలా రోజులైంది. “మీరు చదవండి. నేనున్నాను.”

మూడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక షరతు ఉంది. ఫిర్యాదుదారుడి పేరు, జబ్బు, చిరునామా, ఫోను నంబరు మందుల వ్యాపారులతో సహా సంబంధితులందరికీ అందజేయబడును. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. పైకి కూడా చదివాడు, వరుసలో వాళ్లకు వినపడేలా. తరవాత గడిలో టిక్కు పెట్టాల్సిన చోట ‘కాదు’ అని రాసి, ఫారం వెనక్కిచ్చి, భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఆయన వెనక నిలబడ్డాయన ఒకడుగు ముందుకేసి, ఫారం అందుకుంటూనే టిక్కు పెట్టేశాడు. ఆయన వెనకాయన కూడా పెట్టేశాడు.

ఆయన చదవడానికి మొత్తం ఏడు నిమిషాలు పట్టింది. ఊళ్లో అందరి జబ్బులూ వీధిన పడ్డ సంగతి ఇప్పుడెవరూ ఎత్తడం లేదు. చదువు చెప్పే ఒక టీచరమ్మ ఇంట్లో ఎందుకు కూర్చుందో ఎవరికీ గుర్తులేదు. ఒక మొండిమనిషి కౌంటరు దగ్గర ఏడు నిమిషాలు అందర్నీ నిలబెట్టాడన్న కోపం మాత్రం ఊరికి ఇంకా చల్లారలేదు. ఈ విషయం మీకు వివరంగా చెప్పక్కర్లేదు. ఆ రోజు వరుసలో మీరూ ఉన్నారు కదా.